అక్క పెన్‌డ్రైవ్

మే నెల తొమ్మిదో తేదీ, రాత్రి పదకొండున్నర. అక్క మెట్లెక్కి పైకి వచ్చింది. ఆ వేళప్పుడు తను పైకి రాదు, పనుంటే కిందనుంచే కేకేస్తుంది. గుమ్మంలో నిలబడి, "ఏరా, ఇందాకటినుంచీ ఏదో ఎర్రరు వస్తోంది. నిన్న ఎక్కించిన బిల్లులు కూడా కనపట్టం లేదు. నేనేమన్నా తప్పు నొక్కానా?" అంది.

తను ఏ తప్పూ నొక్కలేదు. అక్క మాట పూర్తికాకముందే నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. నా ముందున్న లాప్‌టాప్ తెర మీద అదే విండోస్, అదే వాల్‌పేపరు, లెక్కల ప్యాకేజీ గుర్తు అదే మూల. కింద అక్క ముందు నడుస్తున్నదీ అదే. ఒకే డిస్కు ఫైలు మీద రెండు వర్చువల్ మిషన్లు నలభై నిమిషాలుగా, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా రాసుకుంటూ పోతున్నాయి. కింద గదిలో ఒకటి, పైన నా ఒళ్లో ఒకటి. రెండోదాన్ని స్టార్ట్ చేసింది నేనే.

ఆ తప్పు ఆ రాత్రి పుట్టింది కాదు. నాలుగు నెలలుగా కొంచెం కొంచెంగా పేర్చుకుంటూ వచ్చాను. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మాది తెనాలిలో మేడ ఇల్లు. కింద అక్కా, బావగారూ, పిల్లలూ. పైన అమ్మా నేనూ. బావగారిది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. పగలంతా కార్బన్ కాగితం పెట్టి చేత్తో బిల్లులు రాస్తారు. రాత్రి షాపు కట్టేసి వచ్చేటప్పుడు బిల్లు పుస్తకం ఇంటికి తెస్తారు. అన్నాలయ్యాక అక్క కూర్చుని ఒక్కో బిల్లూ కంప్యూటర్లో ఎక్కిస్తుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటినుంచీ ఇదే పద్ధతి. ప్రతి శనివారం రాత్రి లెక్కల డేటాని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ని బీరువాలో పసుపు డబ్బా పక్కన పెడుతుంది. ఈ అలవాటు తనకి ఎవరూ నేర్పలేదు. బిల్లు పుస్తకం ఒకసారి వానకి తడిసిపోయిందట, అప్పటినుంచీ ఏదైనా రెండుచోట్ల ఉండాలని అనుకుందట.

అక్క లాప్‌టాప్ ముసలిదైపోయింది. బిల్లు ఎక్కిస్తుండగా మధ్యలో బిగుసుకుపోయేది. అందులోని డిస్కు టక్కుటక్కుమనేది. ఇది ఎప్పుడో పోతుందని నాకు భయం. నా దగ్గర పాత డెస్క్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంది: 16 జీబీ మెమరీ, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. దాన్ని కింద మెట్ల కింది గదిలో పెట్టి ఉబుంటు ఎక్కించాను. దాంట్లో ఒక వర్చువల్ మిషన్ చేసి, అందులో విండోస్, అందులో అక్క లెక్కలు పెట్టాలి. అక్క తన ముసలి లాప్‌టాప్‌ని ఉత్త తెరలా వాడుకుంటూ రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి వెళ్లాలి. నేను పైనుంచి కదలకుండా అన్నీ చూసుకోవాలి. ఇదీ నా ఊహ. ఊహలో తప్పు లేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఏర్పాటు దాదాపు ఇదే.

ఈ వర్చువల్ మిషన్ సంగతి తెలియనివాళ్లకి మా వైపు ఇళ్ల పోలికతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిస్తారు కదా. పునాది ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. కానీ ఎవరి వాటా తలుపు వాళ్లది, ఎవరి వంట వాళ్లది. అసలు కంప్యూటరు ఆ పెద్ద ఇల్లు, వర్చువల్ మిషన్లు వాటాలు. ప్రతి వాటాలోనూ ఉండేవాళ్లు తామే ఇల్లంతా అనుకుంటారు. ఆ మిషన్‌కి డిస్కు అని కనిపించేది బయటనుంచి చూస్తే ఒక పెద్ద ఫైలు, అంతే. లినక్స్‌లో ఈ వాటాలు కట్టే పని కేవీఎం చేస్తుంది. 2007లో వచ్చిన 2.6.20 కెర్నల్ నుంచీ అది లినక్స్‌లోనే భాగం. దాని మీద క్యూఈఎంయూ, దాన్ని నడిపించడానికి లిబ్‌వర్ట్, కంటికి కిటికీలా కనిపించేది వర్ట్ మేనేజర్. నేను పైన కూర్చుని వర్ట్ మేనేజర్‌లో కింది కంప్యూటర్ పేరు చేర్చుకుంటే చాలు, ఎస్‌ఎస్‌హెచ్ దారిలో అదే వెళ్లి అక్కడి మిషన్లన్నీ చూపిస్తుంది. తెర కూడా ఆ దారిలోనే వస్తుంది. ఇంకో తలుపు తెరవక్కర్లేదు. ఈ ఏర్పాటంటే నాకు నిజంగా ఇష్టం. మొదటిసారి పైన మంచం మీద కూర్చుని కింది గదిలో విండోస్ మొదలవడం చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, మొదటి దెబ్బ తగిలింది. లిబ్‌వర్ట్ కొత్త మిషన్‌కి మామూలుగా ఇచ్చే నెట్‌వర్క్ 192.168.122 తో మొదలవుతుంది. అది వీధిలోకి తలుపులేని వెనక వాటా లాంటిది. లోపలివాళ్లు ఇంటి యజమాని గుమ్మం గుండా బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు నేరుగా వాళ్ల దగ్గరికి రాలేరు. మా ఇంట్లో మిగతావన్నీ 192.168.1 లో ఉన్నాయి. కాబట్టి అక్క లాప్‌టాప్‌కి ఆ విండోస్ కనిపించదు. వీధి తలుపు పెట్టాలంటే బ్రిడ్జి కట్టాలి. డెస్క్‌టాప్ అప్పటికి వైఫై మీద ఉంది. వైఫై మీదే బ్రిడ్జి కట్టబోయి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. వైఫై రౌటరు తన దగ్గర పేరు నమోదు చేసుకున్న నెట్‌వర్క్ కార్డు చిరునామాతో వచ్చిన మాటలే వింటుంది. బ్రిడ్జి వెనకనుంచి వర్చువల్ మిషన్ తన సొంత చిరునామాతో మాట్లాడితే ఎవరో పరాయివాళ్లని వదిలేస్తుంది. ఈ కారణం నాకు రెండో సాయంత్రం చివర్లో తెలిసింది. మర్నాడు బావగారి షాపునుంచే 15 మీటర్ల ల్యాన్ కేబుల్ తెప్పించి, హాల్లో రౌటరునుంచి గోడ వారగా మెట్ల కింది గదికి లాగాము.

కేబుల్ వచ్చాక బ్రిడ్జి పని అయిదు నిమిషాలది. ఆ అయిదు నిమిషాల పని నేను రాత్రి పైన కూర్చుని, ఎస్‌ఎస్‌హెచ్‌లో చేశాను. ఏ కార్డు మీదుగా వెళ్లి లోపల కూర్చున్నానో ఆ కార్డు చిరునామానే తీసి బ్రిడ్జికి పెడుతున్నాను. నెట్‌వర్క్ అమరికల ఫైల్లో ఒకచోట రెండు ఖాళీలు తక్కువ పడ్డాయి, చిరునామా బ్రిడ్జికి చేరకుండా పోయింది. ఎంటర్ నొక్కాను, తెర అలాగే నిలబడిపోయింది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటే అదే. కింది కంప్యూటరు నిక్షేపంగా నడుస్తోంది, కానీ దాని దగ్గరికి వెళ్లే దారి లేదు. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. పైనుంచే చూసుకుంటాను కదా అని పెట్టలేదు. తెల్లవారి, పిల్లలు సినిమా చూస్తున్న టీవీ విప్పి మెట్ల కిందికి మోసుకెళ్లి, తీగ తగిలించి సరిచేశాను. పిల్లలు ఏడుపుమొహాలతో చుట్టూ నిలబడ్డారు. అక్క ఏమీ అనలేదు. "దీనికి ఒక చిన్న తెర ఉండొద్దట్రా?" అని మాత్రం అడిగింది. "అక్కర్లేదక్కా, ఇకమీదట ఇలా కాదు" అన్నాను.

ఆ దెబ్బనుంచి నేర్చుకోవాల్సినవి నేర్చుకున్నాననే అనుకున్నాను. ఉబుంటులో ఆ ఫైలుని అమలుచేసే నెట్‌ప్లాన్‌లో 'ట్రై' అని ఉంది. మార్పు పెట్టి, 120 సెకన్లలో మనం ఖాయం చెయ్యకపోతే పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. బ్రిడ్జికి మనం ప్రత్యేకమైన అమరికలు రాసుకుంటే మాత్రం అది వెనక్కి తిప్పలేదు. అలాంటప్పుడు మార్పు చేసేముందే, పది నిమిషాల తరవాత పాత ఫైలు తిరిగిపెట్టి నెట్‌వర్క్ మళ్లీ మొదలుపెట్టమని 'ఎట్' కమాండ్‌తో ఒక పని రాసిపెట్టుకోవాలి. అంతా బాగుంటే దాన్ని రద్దు చేసుకోవచ్చు. తప్పితే పది నిమిషాలు ఓపిక పడితే దారి అదే తెరుచుకుంటుంది. దూరంనుంచి నెట్‌వర్క్‌ని ముట్టుకునేవాళ్లు ఎవరైనా సరే, ముందు వెనక్కి వచ్చే దారి వేసుకుని తరవాత ముందు దారి తవ్వాలి. ఇదంతా పుస్తకంలో రాసుకున్నాను. అక్క అడిగిన చిన్న తెర సంగతి మాత్రం రాసుకోలేదు. కింద, ఆ పెట్టె పక్కనే పొద్దస్తమానం ఉండే మనిషి అడిగిన ఒక్క మాటని నా లెక్కలోకి తీసుకోలేదు. మేలో జరిగినదానికి బీజం అక్కడ ఉంది.

ఫిబ్రవరికి అక్క కొత్త ఏర్పాటుకి అలవాటు పడింది. వేగంగా ఉందని సంతోషించింది. బిగుసుకుపోవడం లేదు. ఏప్రిల్‌లో నాకు ఇంకో ఆలోచన వచ్చింది. నా లాప్‌టాప్ డెస్క్‌టాప్ కంటే చాలా వేగమైనది. విండోస్ అప్‌డేట్లు పెట్టాలంటే డెస్క్‌టాప్ మీద గంటన్నర పడుతోంది. అదే మిషన్‌ని అప్పుడప్పుడూ నా లాప్‌టాప్ మీద నడిపితే? డిస్కు ఫైలు కిందే ఉంటుంది. దాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్‌తో పైకి పంచుకుంటే సరిపోతుంది. లిబ్‌వర్ట్ వివరాల ఫైలు తీసి లాప్‌టాప్‌లో కూడా అదే పేరుతో మిషన్‌ని నమోదు చేశాను. అంటే ఒకే కుటుంబానికి రెండు ఊళ్లలో రేషన్ కార్డు రాయించినట్టు. సరైన పద్ధతి ఉంది. లిబ్‌వర్ట్‌లోనే మిషన్‌ని ఒక కంప్యూటర్ మీదనుంచి ఇంకోదానికి తరలించే మైగ్రేట్ ఉంది. కొత్తచోట నమోదు చేసి పాతచోట పేరు కొట్టెయ్యమని కూడా దానికి చెప్పొచ్చు. నాకు అది తెలుసు కూడా. ప్రతిసారీ అటూ ఇటూ తరలించడం ఎందుకులే, రెండుచోట్లా పెట్టుకుని ఒకసారికి ఒకచోటే నడుపుతాను కదా అనుకున్నాను. ఆ 'ఒకసారికి ఒకచోటే' అన్న నియమం ఏ కంప్యూటర్లోనూ లేదు. నా తలకాయలో మాత్రమే ఉంది.

నిజానికి కంప్యూటర్లో కూడా ఒక కాపలా ఉంది. 2017లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి క్యూఈఎంయూ తాను తెరిచిన డిస్కు ఫైలు మీద తాళం వేసుకుంటుంది. ఇంకో మిషన్ అదే ఫైలు మీద రాయబోతే తాళం దొరకలేదని చెప్పి మొదలవ్వకుండానే ఆగిపోతుంది. ఆ తాళాన్ని ఊడదీసింది నేను. ఎన్‌ఎఫ్‌ఎస్ పంచుకునేటప్పుడు నా పాత నోట్సులోంచి ఎత్తిరాసిన వరసలో మూడో వెర్షన్ అని ఉంది. ఆ వెర్షన్‌లో తాళాల పని వేరే సేవ ఒకటి చూస్తుంది. నా లాప్‌టాప్‌లో అది నడవడం లేదు. మౌంట్ చేయబోతే ఒక సందేశం వచ్చింది. దూరపు తాళాలకి స్టాట్‌డీ అనే సేవ కావాలి, అది నడవట్లేదు, అయితే దాన్ని మొదలుపెట్టు, లేదంటే 'నోలాక్' అని పెట్టి తాళాలు నీవరకే ఉంచుకో అని దాని సారాంశం. రెండు దారులు చూపించింది. నేను రెండోది ఎంచుకున్నాను, ఎందుకంటే అది ఒక్క మాట చేరిస్తే అయిపోతుంది. తాళాలు 'నీవరకే' అంటే నా లాప్‌టాప్ వేసిన తాళం కింది కంప్యూటర్‌కి తెలియదు, కింద వేసింది నాకు తెలియదు. అంటే తాళం లేనట్టే. చదివాను, అర్థమైంది, దాటుకుని పోయాను. సందేశం అర్థంకాక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు.

ఏప్రిల్ 29, శనివారం రాత్రి అక్క కిందనుంచి ఫోను చేసింది. లెక్కలు ఇప్పుడు వేరే కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి పెన్‌డ్రైవ్ తన లాప్‌టాప్‌కి పెడితే అక్కడ కనపడదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌ని లోపలికి చూపించే పెట్టె ఒకటి టిక్కు పెట్టాలి. అంతకుముందు వారం వరకూ నేనే వెళ్లి పెట్టి వచ్చేవాణ్ణి.  "పెన్‌డ్రైవ్ కనపట్టం లేదురా, ఓసారి వస్తావా?" అంది. నేను ఆఫీసు పనిలో ఉన్నాను. "ఇంక ఆ పెన్‌డ్రైవ్ గొడవ వదిలెయ్యక్కా. నేను స్నాప్‌షాట్లు తీస్తున్నాను. ఏమైనా అయితే నొక్కితే పాతదానికి వెళ్లిపోతుంది" అన్నాను.

"స్నాప్‌షాట్ అంటే కాపీయేనా?" అని అడిగింది.

"కాపీ కంటే మంచిది" అన్నాను.

ఈ వాక్యం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. అది అబద్ధం. నేను వర్ట్ మేనేజర్‌లో తీసిన మూడు స్నాప్‌షాట్లూ ఆ డిస్కు ఫైలు లోపలే ఉంటాయి. ఆ ఫైలు నిన్న ఎలా ఉండేదో అదే ఫైల్లో రాసుకున్న గుర్తులవి. అప్‌డేట్ వికటిస్తే వెనక్కి వెళ్లడానికి అంతకంటే మంచిది లేదు. ఫైలే పాడైతే మూడూ దానితోనే పోతాయి. ఇది నాకు తెలియని విషయం కాదు. అక్క అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. జవాబు చెప్పడానికి ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే 'కాదక్కా' అని నా నోటే వచ్చేది. మెట్లు దిగి ఆ టిక్కు పెట్టి రావడానికి బద్ధకించి, తను సరిచూసుకోలేని మాట ఒకటి తన చేతిలో పెట్టాను. నా మాట మీద నమ్మకంతో ఏళ్ల అలవాటు మానేసింది. మే 6 శనివారం పెన్‌డ్రైవ్ బీరువాలోంచి బయటికి రాలేదు.

మే 9 మధ్యాహ్నం, అప్‌డేట్ల కోసమని కింద మిషన్‌ని ఆపేశాను. రాత్రి అక్క పని అయ్యాక లాప్‌టాప్‌లో నడుపుదామనుకున్నాను, అక్కకి ఆ ముక్క చెప్పలేదు. సాయంత్రం ఏడింటికి గాలివాన. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాన్లూ లైట్లే ఉంటాయి, డెస్క్‌టాప్ లేదు. తొమ్మిదిన్నరకి కరెంటు వచ్చింది. కరెంటు రాగానే తనంతట తానే లేచేలా డెస్క్‌టాప్ బయాస్‌లో నేనే పెట్టాను. డెస్క్‌టాప్ లేవగానే అక్క మిషన్ లేచేలా ఆటోస్టార్ట్ కూడా నేనే పెట్టాను. అక్కకి ఇబ్బంది ఉండకూడదని చేసినవే రెండూ. అక్క వంటా పిల్లల్ని పడుకోబెట్టడం అన్నీ వెనకబడి పదిన్నర దాటాక బిల్లులు ఎక్కించడానికి కూర్చుంది.

పదీ యాభైకి నేను వర్ట్ మేనేజర్ తెరిచాను. కరెంటు పోయినప్పుడు తెగిన కింది కంప్యూటర్ లంకె మళ్లీ కలవలేదు. అందుకని దాని కింద మిషన్ల స్థితి ఏమీ కనిపించలేదు. నా లాప్‌టాప్ వరసలో అదే పేరుతో ఉన్న మిషన్ ఆగి ఉన్నట్టు చూపిస్తోంది. మధ్యాహ్నం ఆపింది నేనే కదా. ఈపాటికి అక్క పని అయిపోయి ఉంటుందనుకున్నాను. మిషనే ఆపేసి ఉంటే అక్క పని ఎలా అవుతుందన్న ఆలోచన కూడా రాలేదు. లంకె కలిపి చూడటానికి రెండు క్లిక్కులు చాలు. కిందికి ఒక కేక వేస్తే ఇంకా తేలిక. స్టార్ట్ నొక్కాను. నా లాప్‌టాప్ వైఫై మీద ఉంది కాబట్టి అక్కడి మిషన్ వెనక వాటాలోనే ఉంది. రెండూ ఒకే నెట్‌వర్క్ మీదికి వచ్చి ఉంటే చిరునామాలు ఢీకొని ఏదో ఒక హెచ్చరిక వచ్చేదేమో. అది కూడా లేకుండా పోయింది.

అక్క పైకి వచ్చి అడిగాక నేను ఇంకో రెండు తప్పులు చేశాను. కంగారులో రెండు మిషన్లనీ మర్యాదగా షట్‌డౌన్ చేశాను. విండోస్ మూసుకునేముందు మనసులో దాచుకున్నదంతా డిస్కు మీద రాసి మరీ మూసుకుంటుంది. ఒకదాని రాత మీద ఇంకోటి రాసింది. లిబ్‌వర్ట్‌లో 'డిస్ట్రాయ్' అని ఒక కమాండ్ ఉంది. పేరు చూసి భయపడతాం గానీ, దాని అర్థం ప్లగ్గు పీకడం, అంతే. మిషన్ వివరాలూ డిస్కూ ఎక్కడికీ పోవు. మామూలు రోజుల్లో అది వాడకూడదు. ఒకే డిస్కు మీద ఇద్దరు రాస్తున్నప్పుడు మాత్రం వెంటనే వాడాల్సింది అదే. రెండో తప్పు ఇంకా పెద్దది. ఫైలుని పరీక్షిస్తే పేజీల కొద్దీ తప్పులు చూపించింది. ముందు ఆ పాడైన ఫైలుకే ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవాలి. తీయలేదు. అన్నిటినీ సరిచెయ్యమనే మరమ్మత్తు నేరుగా అసలు ఫైలు మీదే నడిపాను. అలా చేస్తే తప్పు సవరణ ఎంచుకునే ప్రమాదముందని, జరిగిన నష్టం కనపడకుండా మరుగునపడొచ్చని ఆ పనిముట్టు వివరాల్లోనే రాసి ఉంది. తెల్లవారుజామున మూడింటికి విండోస్ నీలం తెర దాటి పైకి రావడం మానేసింది. స్నాప్‌షాట్లు మూడూ పేర్లుగా మిగిలాయి. వాటిలో ఏదీ తెరుచుకోలేదు.

పొద్దున్నే కిందికి వెళ్లాను. బావగారు కాఫీ తాగుతున్నారు. జరిగింది చెప్పాను. నేను 'కాపీ కంటే మంచిది' అన్న మాట తప్పని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. బావగారు కాసేపు మాట్లాడలేదు. "పుస్తకాలున్నాయిగా" అని లేచి వెళ్లి, పురికొసతో కట్టిన బిల్లు పుస్తకాల దొంతర తెచ్చి బల్ల మీద పెట్టారు. అక్క బీరువా తెరిచి పెన్‌డ్రైవ్ తీసింది. ఏప్రిల్ 22 నాటిది. పదిహేడు రోజుల లెక్కలు పోయాయి.

అది మే పది. ఏప్రిల్ అమ్మకాల జీఎస్టీఆర్-1 నెలనెలా దాఖలు చేసేవాళ్లకి పదకొండో తేదీ ఆఖరు. అంటే ఏప్రిల్ 23 నుంచి 30 వరకూ బిల్లులన్నీ రెండు రోజుల్లో మళ్లీ ఎక్కాలి. అక్క ముసలి లాప్‌టాప్‌లో పాత లెక్కల ప్యాకేజీ తీసెయ్యమని నేను మూడుసార్లు చెప్పాను, తను తీయలేదు. ఇప్పుడు అదే అక్కరకొచ్చింది. పెన్‌డ్రైవ్‌లోది అందులో పెట్టి, నేను బిల్లు చదువుతూ ఉంటే అక్క కొట్టింది. పార్టీ పేరు, జీఎస్టీ నంబరు, వస్తువు, హెచ్‌ఎస్‌ఎన్ కోడు, పరిమాణం, రేటు. కార్బన్ పడ్డ కాగితం మీద మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియదు. బావగారు షాపునుంచి ఫోన్లో చెప్పేవారు. టక్కుటక్కుమని లాప్‌టాప్ మధ్యలో ఆగినప్పుడల్లా అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఆ రెండు రోజుల్లో తను నన్ను ఒక్కసారి కూడా నిందించలేదు. పదకొండో తేదీ సాయంత్రం ఆరింటికి రిటర్న్ వెళ్లింది. మే నెల తొమ్మిది రోజుల బిల్లులు ఆ తరవాత వారమంతా రాత్రుళ్లు కూర్చుని ఎక్కించాము.

తరవాత నేను మార్చినవి చాలా ఉన్నాయి. లాప్‌టాప్‌లో అక్క మిషన్ నమోదు తీసేశాను. ఎన్‌ఎఫ్‌ఎస్‌ని నాలుగో వెర్షన్‌కి మార్చాను, అందులో తాళాలు వేరే సేవ అక్కర్లేకుండా దానిలోనే భాగం. నోలాక్ అనే మాట నా ఫైళ్లలో ఎక్కడా లేదు. విండోస్‌ని మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. కింద మెట్ల గదిలో పాత మానిటర్ ఒకటి, కీబోర్డు ఒకటి పెట్టాను. డెస్క్‌టాప్‌కి చిన్న యూపీఎస్ వచ్చింది. కరెంటు పోతే అయిదు నిమిషాల్లో మిషన్లని మర్యాదగా మూసి తనూ మూసుకుంటుంది. ఆదివారం తెల్లవారుజామున మిషన్‌ని ఆపి, డిస్కు ఫైలు మొత్తం వేరే హార్డ్‌డిస్కు మీదికి నకలు వెళుతుంది. ఇవన్నీ కావాల్సినవే. ఎవరింట్లోనైనా ఇలాంటిది పెట్టుకునేవాళ్లకి చెబుతాను కూడా.

కానీ వీటికంటే ముందు చేసింది వేరే ఉంది. ఒక అట్ట ముక్క మీద అక్క చేత తన దస్తూరీతో రాయించాను: ఈ పెట్టెలో ఏముంది, ఏ లైటు వెలిగితే నడుస్తున్నట్టు, నేను ఊళ్లో లేకపోతే ఏ బటన్ ఎంతసేపు నొక్కాలి, లెక్కల కాపీ ఎక్కడెక్కడ ఉంది. నేను చెప్పింది తనకి అర్థమైతేనే రాసింది, అర్థం కానిచోట ఆపి అడిగింది. ఆ అట్ట రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. రాస్తూ ఉండగా నాకే తెలియని రెండు విషయాలు బయటపడ్డాయి. ఇప్పుడు మిషన్‌ని ముట్టుకునేముందు మెట్ల దగ్గరికి వచ్చి కిందికి కేకవేస్తాను. "అక్కా, ఆపుతున్నా" అంటాను. తను "ఆగు, రెండు బిల్లులున్నాయి" అంటే ఆగుతాను.

శనివారం పెన్‌డ్రైవ్ మళ్లీ మొదలైంది. టిక్కు ఎలా పెట్టాలో అక్కకి చూపించాను, తనే పెట్టుకుంటుంది. నెలకొకసారి, మొదటి ఆదివారం, హార్డ్‌డిస్కు మీది నకలుని పైన నా దగ్గర వేరే పేరుతో, నెట్‌వర్క్ లేకుండా తెరుస్తాను. లెక్కల ప్యాకేజీ వచ్చాక అక్క బిల్లు పుస్తకం పట్టుకుని పైకి వస్తుంది. మొన్న ఆదివారం కూడా వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకంలో శనివారం పేజీ తీసింది.

"చివరి బిల్లు చదవరా."

నంబరు చదివాను. పార్టీ పేరు చదివాను. మొత్తం చదివాను.

అక్క పుస్తకంలో వేలు పెట్టి చూసుకుంది. "పైసలు కూడా చదువు" అంది.